సంఘం నాయకుడు ఎమ్మెల్సీ అయితే ఉపాధ్యాయులకు ఒరిగేదేమిటి?

మీ సంఘం నాయకుడు శాసనమండలికి పోటీ చేస్తున్నారనీ, గెలిస్తే సీపీఎస్ (జీతంలోంచి వాటా కోసే కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం) రద్దవుతుందా అనీ అడిగారు. ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటరుగా, ఏళ్ల తరబడి సంఘం సభ్యత్వాలు రాసినవాడిగా చెబుతున్నాను: రద్దు కాదు. 58 మంది ఉండే ఆంధ్రప్రదేశ్ మండలిలో ఉపాధ్యాయులు ఎన్నుకునేది అయిదుగురినే. పైగా మండలి మామూలు బిల్లును మొదటిసారి 3 నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. 2004 సెప్టెంబరు 1 నుంచి మెడకు చుట్టుకున్న సీపీఎస్‌ను తానొక్కడే విప్పేస్తానని ఏ అభ్యర్థి చెప్పినా నవ్వి ఊరుకోండి.

అలాగని ఎమ్మెల్సీ పదవి దండగ కాదు. నేను ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) ఉన్నప్పుడు నా ఇంక్రిమెంటు ఫైలు ఒక కార్యాలయంలో నెలల తరబడి కదల్లేదు. సంఘం మండల బాధ్యులు ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా బదులు లేదు. ఎమ్మెల్సీ ఫోను చేసిన వారంలోనే సంతకమైంది. బదిలీలు, పదోన్నతులు, డీఏ బకాయిల మీద మంత్రిని సభలో నిలదీసి జవాబు రాబట్టే అవకాశమూ ఆ పదవికి ఉంది.

అయితే నా ఫైలు కదిలించిన ఆ ఎమ్మెల్సీకి ఓటేసే హక్కు అప్పటికి నాకు లేదు! రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం ఈ ఓటు సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు బోధించినవారికే. చందాలు కట్టి, ధర్నాల్లో ఎండకు మాడే ప్రాథమిక పాఠశాలల టీచర్లు ఈ లెక్కలోకి రారు. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా పదోన్నతి వచ్చాకే నేను ఓటరునయ్యాను.

అందుకే నాయకుణ్ణి తూచేటప్పుడు నేను చూసేది, ఓటు లేనివాళ్ల దగ్గరికి వెళుతున్నాడా లేదా అని. యూటీఎఫ్ అనే ఉపాధ్యాయ సంఘం నుంచి ఎదిగిన షేక్ సాబ్జీ గారు 2021లో మా నియోజకవర్గం నుంచి గెలిచారు. 2023 డిసెంబరులో అంగన్‌వాడీల ఆందోళనకు మద్దతుగా భీమవరం వెళుతూ రోడ్డు ప్రమాదంలో మరణించారు. అంగన్‌వాడీ కార్యకర్తలు ఆయనకు ఓటేసేవాళ్లు కారు. ఎమ్మెల్సీ అయ్యాక కూడా ఆయన ఆందోళన శిబిరాల మనిషిగానే ఉన్నారు. ఏడాది తర్వాత జరిగిన ఉప ఎన్నికలో యూటీఎఫ్ నాయకుడే అయిన గోపీమూర్తి గెలిచారు.

మీ అభ్యర్థిని కూడా సీపీఎస్ గురించి కాకుండా, మీ మండలంలోని ఎస్‌జీటీల సమస్యల గురించి అడిగి చూడండి. ఇక ఓటేసేటప్పుడు అక్కడిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో మీకు నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1 అని అంకె వేయండి. టిక్కు పెడితే ఓటు చెల్లదు. పిల్లల జవాబు పత్రాలు దిద్దే అలవాటు కదా, చేయి అటే పోతుంది.