ఆ గుంత దగ్గరే ఆగు

విజయవాడ, గవర్నర్‌పేట

చిరంజీవికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పాత ఎలక్ట్రిక్ గిటార్‌లో మెడ వైపు, తీగల కింద ధ్వనిని పట్టే పికప్ పాడైతే తీసేశావు. కొత్తది పెట్టకుండా ఆ గుంతకు నీ చేత్తో మూత చేసుకున్నావు. ఇంత మంచి విషయం దగ్గరుండగా మొదటి రెండు పేజీలు సంగీతం గొప్పతనానికి ఎందుకిచ్చావు నాయనా? అవి తీసెయ్యి. మనసు కష్టపెట్టుకోకు, తీసెయ్యి.

నాలుగో పేజీలో ఒకే ఒక్క వాక్యం రాశావు: "మొదటి మూత గుంతలో పడిపోయింది." నేనక్కడే ఆగిపోయాను. గుంత ఎంతుందో అంతే కోశావు కాబట్టి పడింది. మూత అంచు కట్టె మీద కూర్చోవాలంటే చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. అది నీకు తట్టిన క్షణం నాకు కావాలి. పడిన ముక్కను ఎలా తీశావు? గిటార్ బోర్లించి తట్టావా? అప్పుడు ఇంట్లో ఎవరున్నారు? నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

తర్వాత కొలత. తీగలు విప్పి, గుంత మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిల్ పడుకోబెట్టి రుద్దానన్నావు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి అందరం రుద్దినవాళ్లమే. కాగితం మీద అంచు నల్లగా తేలడం చదివేవాడి వేళ్లకు కూడా తెలియాలి. నేమ్ బోర్డుల షాపులో 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ ముక్క అడిగి తెచ్చుకోవడం, అంచులు ఆకురాయితో రాయడం, స్క్రూ కంటే సన్నని బిట్‌తో ముందు బెజ్జం వెయ్యడం, ఇవన్నీ తొందరగా దాటేశావు. ఆకురాయి చప్పుడైనా వినిపించు.

మా కోడలు చదివి, "పికప్ అంటే ఏంటి మామయ్యా?" అంది. అయస్కాంతం, దాని మీద వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ, పైన ఉక్కు తీగ కదిలితే అందులో పుట్టే కరెంటు: ఇంత చెబితే చాలు. హంబకర్ అనే పికప్‌ను 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ తయారు చేశాడని రాశావు. నిజమే, కానీ ఆ మాట ఎక్కడికీ అతకకుండా ఒంటరిగా ఉంది. హమ్ అనే రొద పోవాలని రెండు కాయిల్స్ పక్కపక్కన పెట్టారు, అందుకే నీ గుంత అంత వెడల్పు. ఇలా రాస్తే చరిత్ర నీ కొలతలోకి వస్తుంది.

కొండపల్లి బొమ్మల తెల్లపొణికి కట్టెతో చేద్దామనుకుని మానేశానన్నావు. ఎందుకు మానేశావో చెప్పలేదు. స్క్రూ బిగిస్తే తల లోపలికి దిగేంత మెత్తని కట్టె అది. ఆ బొమ్మలవాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మన పక్క ఊరి పని గురించి ఇంత తెలిసి ఒక్క ముక్కలో వదిలేస్తే నాకు బాధేసింది.

చివర్లో మూత తీగలకు తగులుతుందేమోనని టెన్షన్ పడి, మెడ మీది ఆఖరి ఫ్రెట్ పట్టీ దగ్గర తీగ నొక్కి చూశావే, ఆ పేరా ముట్టుకోకు. బాగుంది.

తిరగరాసి పంపు. మొదటి మూత పారెయ్యకపోతే దాన్నీ కవర్లో పెట్టు, ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలనుంది.

నీ మేలు కోరే,
మాస్టారు