పుస్తకాల కంటే ముందు డ్రైవింగ్ లైసెన్స్ తెచ్చుకో చెల్లీ

చెల్లీ, వందనాలు. గుంటూరు నుంచి డాలస్ వచ్చి రెండు నెలలైందని, బాబును ఆగస్టులో మూడో క్లాసులో చేర్పించాలా, ఇక్కడి క్రైస్తవ కుటుంబాల్లో కొందరు చేస్తున్నట్టు ఇంట్లోనే చదివించాలా అని అడిగావు. ఏ పుస్తకాలు కొనాలో, బైబిల్ వాక్యం రోజుకు ఎంతసేపు చదివించాలో కూడా అడిగావు. వాటికి జవాబు చిన్నదే. నువ్వు అడగని సంగతి ఒకటుంది, నాకు దాని గురించే దిగులు.

మేం 2016 ఆగస్టులో మొదలుపెట్టాం. అప్పటికి అమెరికా వచ్చి నాలుగేళ్లు. పాపకు తొమ్మిది, బాబుకు ఆరు. బడిలో చెడు ఏమీ జరగలేదు. కానీ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చుంటే పాప నోట తెలుగు రావడం ఆగిపోయింది. నాది మా ఆయన ఉద్యోగ వీసా మీద భార్యగా వచ్చిన హెచ్4 వీసా, దాని మీద నాకు ఎలాగూ ఉద్యోగం చేసే వీల్లేదు. మా ఆయన, నేను వారం రోజులు ప్రార్థన చేసుకుని, సరే ఇంట్లోనే చదివిద్దాం అనుకున్నాం.

రూల్స్ గురించి భయపడకు. టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడి కిందే చూస్తారు, 1994లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మాట తేల్చేసింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఈ ఐదూ నిజంగా నేర్పాలి. రిజిస్ట్రేషన్ లేదు, ప్రభుత్వ పరీక్షలు లేవు. న్యూయార్క్, పెన్సిల్వేనియా లాంటి చోట్ల కాగితాల పని చాలా ఉంటుంది. మిగతాది రాష్ట్ర విద్యాశాఖ సైట్లో చూసుకో.

నా మొదటి తప్పు, ఇంటిని బడి చేయబోవడం. నేను గుంటూరులో మిషన్ స్కూల్లో చదివాను, నాకు తెలిసిన బడి అదే. డైనింగ్ టేబుల్ పక్కన బోర్డు తగిలించాను. ఎనిమిదింటికి ప్రార్థన, పాట, ఆ తర్వాత 45 నిమిషాలకొక పీరియడ్, మూడింటి దాకా. అక్టోబరు వచ్చేసరికి లెక్కల పీరియడ్‌లో బాబు ఏడుపు, వాడు పడుకున్నాక నా ఏడుపు. ఎదురుగా ఇద్దరే పిల్లలుంటే ఆ వయసుకు రోజుకు మూడు గంటల చదువు చాలు. అది అర్థం కావడానికి నాకు క్రిస్మస్ దాకా పట్టింది. ఇప్పుడు వచ్చేవాళ్లు అన్నీ వీడియోల్లో చూసుకుని దిగుతున్నారు, మాకు చెప్పే మనిషి లేడు.

రెండో తప్పు, ఇద్దరికీ ఏడాది పుస్తకాలన్నీ ఒకేసారి కొనేయడం. ఒక్క జీతం మీద బతికే ఇంట్లో అది పెద్ద ఖర్చు. పాప ఇంగ్లీషు పుస్తకం డిసెంబరుకే అయిపోయింది, బాబు లెక్కల పుస్తకం వాడికి అందనే లేదు. ఒకరోజు చిల్లర లెక్కలు వచ్చాయి. టేబుల్ మీద నాణేలు పోసి, పెద్దగా ఉంది కదా అని నికెల్‌కు పది సెంట్లు చెప్పాను, చిన్నగా ఉన్న డైమ్‌కు ఐదు చెప్పాను. బాబు అలాగే రాసుకున్నాడు. వెనక నుంచి పాప వచ్చి, "అమ్మా, తిరగేసి చెప్తున్నావు" అంది. నాలుగేళ్లూ కార్డు గీకడమే తప్ప నాణెం వంక చూడలేదు నేను. కాబట్టి ఏ పుస్తకమైనా ముందు లైబ్రరీ నుంచి తెచ్చి నెల రోజులు వాడి చూడు. కార్డు ఉచితం.

ఇవన్నీ దిద్దుకోగలిగాను. ఒంటరితనం అలా దిద్దుకునేది కాదు.

మా అపార్ట్‌మెంట్ ముందు ఉదయం 7:20కి పసుపు రంగు స్కూలు బస్సు ఆగేది. బాబు బ్రష్ నోట్లో పెట్టుకునే కిటికీ దగ్గరకు పరిగెత్తేవాడు. వాడి ఫ్రెండ్ బస్సులోంచి చెయ్యి ఊపేవాడు, వీడూ ఊపేవాడు. రెండు వారాలకు ఆ పిల్లాడు ఇటు చూడడం మానేశాడు. వీడు మాత్రం నిలబడుతూనే ఉన్నాడు. రోజూ ఆ అద్దం మీద వాడి నుదురు ఆనిన మరక ఉండేది, చున్నీతో తుడిచేదాన్ని. మధ్యాహ్నం పోస్ట్‌మాన్ వచ్చే వేళకు మెట్ల మీద కూర్చుని, ఆ రోజు నేర్చుకున్నదంతా ఆయనకు చెప్పేవాడు. ఆయన మంచివాడు, రెండు నిమిషాలు ఆగి వినేవాడు. ఆదివారం మధ్యాహ్నం తెలుగు క్రైస్తవ సంఘం నుంచి తిరిగొస్తుంటే, కారులోనే "మళ్లీ ఆదివారం ఎప్పుడు?" అని అడిగేవాడు.

నా సంగతీ అంతే. మా ఆయన కారు తీసుకుని ఏడున్నరకు వెళ్తే సాయంత్రం ఆరున్నరకు రావడం. నాకు లైసెన్స్ లేదు. అత్తయ్య గారికి ఫోన్ చేస్తే, "పిల్లల్ని బడి మాన్పించారా?" అని గొంతు పూడుకుపోయేది. ఆవిడ మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. మన ఇళ్లలోకి అక్షరం వచ్చిందే బడి వల్ల, ఆ బాధ నాకు అర్థమవుతుంది.

దగ్గర్లోని అమెరికన్ చర్చిలో మంగళవారాలు ఇంటి బడి తల్లులు కలుస్తారని నాకు సెప్టెంబరులోనే తెలుసు. కో-ఆప్ అంటారు, తల్లులు వంతులేసుకుని అందరి పిల్లలకూ పాఠం చెప్తారు. నా ఇంగ్లీషుకు సిగ్గుపడి, కారు లేదన్న సాకుతో వెళ్లలేదు. ఆ మూడు నెలలు బాబుకు నేను బాకీ. నవంబరు చివర్లో లైసెన్స్ వచ్చింది, ఆ మంగళవారమే వెళ్లాను. డిసెంబరులో నా వంతు వచ్చింది. ఏం చెప్పాలో తోచక, మన ఇళ్లలో కట్టే క్రిస్మస్ నక్షత్రం నేర్పాను. సన్నటి కర్రలు దారంతో కట్టడం, రంగు కాగితం అంటించడం, లోపల బల్బు పెట్టడం. లైటు వేయగానే పిల్లలంతా ఒక్కసారి "ఓ" అన్నారు. బాబు ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి "మా అమ్మే చేసింది" అని చెప్పుకున్నాడు.

అత్తయ్య గారినీ పనిలోకి దింపాం. మాకు రాత్రి ఎనిమిదిన్నర అయితే ఆవిడకు మర్నాడు పొద్దున ఎనిమిది. వీడియో కాల్‌లో గుణింతాలు దిద్దించారు. మార్చికల్లా పాప 23వ కీర్తన తెలుగులో చూడకుండా చెప్పింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, "మళ్లీ చెప్పమ్మా" అన్నారు.

ఏడాది అయ్యాక పాపను ఇంట్లోనే ఉంచాం, 8వ క్లాసు దాకా నేనే చదివించాను. బాబును బడికి పంపేశాం. మాకు విశ్వాసం చాలలేదని కొందరు అన్నారు, నేను ఒప్పుకోను. వాడికి చుట్టూ మనుషులుండాలి, దేవుడు వాణ్ని అలా పుట్టించాడు. ప్రార్థన, వాక్యం బడికెళ్లే పిల్లాడికీ జరుగుతాయి, మా ఇంట్లో జరిగాయి. పొద్దున పావుగంట చాలు.

నీకు ఒక్కడే బాబు. మా వాడికి అక్క అయినా ఉంది. నీ ఉత్తరంలో పుస్తకాల గురించి పది లైన్లున్నాయి, కారు మాటే లేదు, వాడు రోజంతా ఎవరితో ఆడుకుంటాడన్న మాటా లేదు. కో-ఆప్‌కు రెండుసార్లు వెళ్లొచ్చి, వాడి ముఖం చూసి అప్పుడు నిర్ణయించుకో. ఆదివారం సంఘానికి వస్తే నేనే మాట్లాడి పంపిస్తాను. డ్రైవింగ్ రాత పరీక్ష పుస్తకం, ఇక్కడ లైసెన్సులిచ్చే శాఖ డీపీఎస్ సైట్లో ఉచితంగా ఉంది, ఈ రాత్రే తెరువు.