దూరం నుంచి నెట్‌వర్క్ లోపాలను గమనించే పనికి ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అబ్బాయి విజయనగరంలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఎంబెడెడ్ కంప్యూటర్లలో (పరికరాల లోపల ఒక నిర్దిష్ట పనికి అమర్చే చిన్న కంప్యూటర్లు) నెట్‌వర్క్ లోపాలను దూరం నుంచి కనిపెట్టే ప్రాజెక్టు తీసుకున్నాడు. తోటివారంతా వెబ్ కోర్సుల్లో చేరుతున్నారు. ఇది మాన్పించమంటారా? – ఒక తండ్రి, రాజాం

జవాబు: మాన్పించవద్దండి. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల్లో ఆరుబయట పెట్టెలో అమర్చిన ఒక చిన్న కంప్యూటర్‌ను ఊహించండి. ఉప్పుగాలికి ఈథర్‌నెట్ (నెట్‌వర్క్ కేబుల్) కనెక్టర్ పిన్నులు తుప్పు పట్టినా లింకు దీపం వెలుగుతూనే ఉంటుంది, పింగ్‌కు, అంటే ‘ఉన్నావా?’ అని అడిగే చిన్న సందేశానికి, సమాధానమూ వస్తుంది. కానీ కొన్ని ఫ్రేములు (కేబుల్‌లో ప్రయాణించే డేటా ముక్కలు) చెడిపోయి, డేటా సరిగా వచ్చిందో లేదో చూసే సీఆర్‌సీ తనిఖీలో తప్పి, అక్కడికక్కడే పారేయబడతాయి. పరికరం పూర్తిగా మూగబోకముందే ఆ సంగతిని లోపాల లెక్క చెప్పగలదు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ లెక్కను ఈథ్‌టూల్ వంటి ఆదేశాలతో చూడవచ్చు. దూరం నుంచి అడగడానికి ఎస్ఎన్ఎంపీ అనే నెట్‌వర్క్ నిర్వహణ పద్ధతి ఉంది; దానితో ఏయే వివరాలు అడగవచ్చో చెప్పే 1991 నాటి ఎంఐబీ-2 ప్రమాణంలోనే, లోపలికి వచ్చిన ఫ్రేముల్లో ఎన్ని చెడ్డవో చెప్పే లెక్క ఉంది. అది 32 బిట్లది కనుక 4,29,49,67,295 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, పరికరం రీస్టార్ట్ అయినా సాధారణంగా సున్నాకే వస్తుంది. అందువల్ల మొత్తం ఎంత అన్నది కాక, రెండు పరిశీలనల మధ్య ఎంత పెరిగిందో, అదే వ్యవధిలో వచ్చిన మొత్తం ఫ్రేముల్లో అది ఎన్నో వంతో చూడాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క విషయం స్పష్టంగా వివరించగలిగిన విద్యార్థి పుస్తకం చదివి రాలేదని, పని చేసి వచ్చాడని నాకు వెంటనే తెలుస్తుంది.

ఈ పని పేరుతోనే ఉద్యోగ ప్రకటనలు అరుదు. ఎంబెడెడ్ లైనక్స్, ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), నెట్‌వర్క్ నిర్వహణ అనే పేర్లతో వెతకాలి. సీ భాష, లైనక్స్, ఇంటర్నెట్‌లో డేటా ప్రయాణించే నియమాలైన టీసీపీ/ఐపీ గట్టిగా రావాలి. పైథాన్ కొంత చాలు.

ప్రాజెక్టులో మంచి కేబుల్‌తో మాత్రమే పరీక్షించి ఊరుకోకూడదు. దెబ్బతిన్న కేబుల్‌ను కావాలనే పెట్టి, ఒక చివర ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం), మరో చివర హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఏదో ఒకటే) ఉంచి, ఏ లెక్క ఎటువైపు పెరుగుతుందో రాసుకోవాలి. ఎస్ఎన్ఎంపీ పాత వెర్షన్లలో సంకేతపదం (పాస్‌వర్డ్ లాంటిది) దాపరికం లేకుండా ప్రయాణిస్తుంది కనుక మూడో వెర్షన్‌నే వాడమనండి.

వచ్చే సెలవుల్లో అబ్బాయి రాజాం వచ్చినప్పుడు, కళాశాల ల్యాబ్‌లోని ప్రాజెక్టు బోర్డుకు (చిన్న కంప్యూటర్‌కు) వీపీఎన్ అనే సురక్షిత ఇంటర్నెట్ దారి ద్వారా ఇంటి నుంచే చేరి, గత వారం లోపాల రేటును మీకు చూపించమని అడగండి. ఏ రోజు ఎందుకు పెరిగిందో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, చివరి సంవత్సరంలోనూ ఇదే ప్రాజెక్టును కొనసాగించనివ్వండి.