మిచిగన్‌లో ఇంటికి తాళం వేసి సంక్రాంతికి చిత్తూరు వస్తుంటే నీళ్ల పైపుల సంగతి ఏం చేయాలి?

అమ్మా, మీ అబ్బాయి, కోడలు మిచిగన్‌లో కొత్తగా ఇల్లు కొన్నారు, సంక్రాంతికి మూడు వారాలు చిత్తూరు వస్తున్నారు, ఈలోగా చలికి పైపులు గడ్డకట్టి పగిలిపోతాయేమోనని మీకు టెన్షన్‌గా ఉంది అన్నారు. నేను అమెరికాలోనే, మిచిగన్‌లాగే చలి ఊరైన మినియాపొలిస్ దగ్గర తొమ్మిదేళ్లు ఉండి తిరుపతికి తిరిగొచ్చినవాణ్ణి. మీరు భయపడుతున్నది మా ఇంట్లో జరిగింది. అందుకే అన్నిటికంటే ముందు ఇది చెబుతున్నాను: బయల్దేరే రోజు ఇంటి మెయిన్ వాల్వ్, అంటే ఇంట్లోకి నీళ్లు వచ్చే ముఖ్యమైన పైపు మీది తిప్పుడు, కట్టేసి రమ్మనండి.

మన ఇళ్లలో పైపు పగిలితే మేడ మీద ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కారుతుంది, తర్వాత ఆగిపోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకైతే వెయ్యి లీటర్లే నష్టం. అక్కడ మామూలుగా మేడ మీద ట్యాంకు ఉండదు. వీధి లైను నుంచి రాత్రీ పగలూ ఒత్తిడితో నీళ్లు వస్తూనే ఉంటాయి. ఇంట్లో మనిషి లేకపోతే ఎవరో ఒకరు చూసి వాల్వ్ కట్టేదాకా ఆ ధార ఆగదు.

2019 జనవరిలో నాన్నకు కంటి ఆపరేషన్ అంటే మేం తిరుపతి వచ్చాం. గ్యాస్ బిల్లు మిగులుతుందని ఇంటి వేడి ఎంత ఉండాలో పెట్టే థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గించి వచ్చాం. అంటే మన లెక్కలో 10 డిగ్రీలు. జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్‌కు పడిపోయింది, మన లెక్కలో మైనస్ 33. తాళంచెవి ఇచ్చి వచ్చిన స్నేహితుడు ఆ రోజు కారులోంచే ఇల్లు చూసి అంతా బాగుందని చెప్పాడు. నిజమే, ఆ రోజు చుక్క నీరు బయటికి రాలేదు. పైపు అప్పటికే చీలి ఉంటుంది, కానీ లోపల ఉన్నది గడ్డ కాబట్టి కారలేదు. నాలుగు రోజులకు చలి విరిగింది, గడ్డ కరిగింది, అప్పుడు మొదలైంది.

ఇక్కడ తిరుపతి బైరాగిపట్టెడలో తెల్లవారి ఆరు గంటలు, అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. గ్యారేజీ తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయని ఫోన్. వాల్వ్ ఎక్కడుంది అని స్నేహితుడు అడిగితే ఇంటికి వేడిగాలి పంపే ఫర్నెస్ పక్కన చూడమన్నాను. అక్కడ లేదు. వీడియో కాల్‌లో వెతగ్గా వెతగ్గా బేస్‌మెంట్ ముందు గోడకు, మీటరు పక్కన, మేం పేర్చిన అట్టపెట్టెల వెనక దొరికింది. అప్పటికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నీళ్ల చప్పుడు నాకు ఇక్కడ వినిపిస్తూనే ఉంది. వంటింటి చెక్క నేల ఉబ్బిపోయింది, బేస్‌మెంట్ సీలింగ్ ఊడి పడింది. తీరా చూస్తే వంటింటి సింకు వెనక, బయటి గోడలో ఉన్న రాగి పైపుకు వేలెడంత చీలిక, అంతే.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. ఫ్రీజర్‌లో నిండా నింపి మరిచిపోయిన గాజు సీసా పగిలేది అందుకే. కానీ పైపు విషయంలో ఇంకో సంగతి ఉందని ప్లంబర్ చెప్పాడు. గడ్డ పెరిగేకొద్దీ దానికీ, మూసి ఉన్న కొళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పెరుగుతుంది. చాలాసార్లు పైపు పగిలేది ఆ ఒత్తిడికి. ఇంట్లో ఉన్నప్పుడు, బయట 20 ఫారన్‌హీట్ కంటే, అంటే మైనస్ 7 కంటే కిందికి పోతే, బయటి గోడ పక్క కొళాయిలు వేడివీ చల్లవీ సన్నగా కారేట్టు వదలమనేది అందుకే.

ఈ మాట మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎప్పుడో ఒకప్పుడు మీరూ అక్కడికి వెళతారు. పాప పుట్టినప్పుడు మా అమ్మ వచ్చి ఉంది. రాత్రి లేచి వంటింటి కొళాయి కారుతోందని గట్టిగా కట్టేసింది. మున్సిపాలిటీ నీళ్ల కోసం బిందెలు పట్టుకుని కాచుకున్న మనిషి, నీళ్లు వృథాగా పోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటుంది? తప్పు అమ్మది కాదు, చెప్పని మాది. పొద్దున కొళాయి తిప్పితే చుక్క రాలేదు. అదృష్టం, పైపు పగల్లేదు. కొళాయి తెరిచే ఉంచి, సింకు కింద అర తలుపులు తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వెచ్చజేస్తూ పోయాం. వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాళ్లు చుట్టినా పనిచేస్తుంది. కొళాయి తెరవకుండా వేడి పెట్టకూడదు. మంట మాత్రం దగ్గరికే తేవద్దు, గోడలో చెక్క ఉంటుంది, ఇల్లే అంటుకుంటుంది. అప్పటికే పగిలిందని అనుమానం ఉంటే మెయిన్ వాల్వ్ కట్టాకే కరిగించాలి.

ఇక మీ అబ్బాయి వచ్చే ముందు చేయాల్సినవి. మెయిన్ వాల్వ్ కట్టి, పై అంతస్తులో ఒక కొళాయి, బేస్‌మెంట్‌లో ఒక కొళాయి తెరిచి పైపుల్లో నీళ్లు దించేయాలి, టాయిలెట్లు ఒకసారి ఫ్లష్ చేయాలి. వాటర్ హీటర్‌ను వెకేషన్ సెట్టింగ్‌లో, అంటే మనుషులు లేనప్పుడు వేడి తగ్గించి ఉంచే సెట్టింగ్‌లో పెట్టాలి. నీళ్లు కట్టాం కదా అని ఇంటి వేడి ఆపేయకూడదు. 55 ఫారన్‌హీట్ కంటే, అంటే మన 13 కంటే తగ్గించవద్దు అంటారు, మిచిగన్ జనవరికి నేనైతే 60, అంటే సుమారు 16 పెట్టి రమ్మంటాను. ఆ బిల్లు గురించి ఆలోచించవద్దు, మేం ఆలోచించి చూశాం. పైగా ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వేడి ఉంచడమో, నీళ్లు కట్టి దించడమో చేయాలని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో షరతు ఉంటుంది, ఒకసారి చదువుకోమనండి. బయటి గోడల పక్కనున్న సింకుల కింద తలుపులు తెరిచి ఉంచాలి. బయటి కొళాయికి తోట గొట్టం (గార్డెన్ హోస్) ఇంకా తగిలించి ఉంటే ఇవాళే ఊడదీయాలి. ఒక జాగ్రత్త: ఇల్లు వేడిచేసేది ఫర్నెస్ గాలితో కాకుండా బాయిలర్ నీళ్లతో అయితే, లేదా ఇంట్లో మంటలార్పే స్ప్రింక్లర్లు ఉంటే, ప్లంబర్‌ను అడగకుండా మెయిన్ కట్టవద్దు.

తాళంచెవి ఇచ్చినవాళ్లు ఇంటి లోపలికి వెళ్లి చూడాలి, అదీ రెండు మూడు రోజులకోసారి. వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పాలో మీ అబ్బాయి ఫోన్‌లో వీడియో తీసి వాళ్లకు పంపాలి, మీకూ ఒకటి పంపమనండి.

చలి ఊళ్లకే ఇది అనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో ఎండల ఊరైన డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్‌కు, మన లెక్కలో మైనస్ 19కి పడిపోయి, కరెంటు కూడా పోయి, ఎన్నో ఇళ్లలో పైపులు పగిలాయి. అక్కడ చాలా ఇళ్లకు పైపులు అటకల్లోంచి పోతాయి. మీ బంధువులు ఎవరైనా అటువైపు ఉంటే వాళ్లకూ చెప్పండి.

పండగ అయ్యాక వాళ్లు తిరిగి వెళ్లి తలుపు తీసినప్పుడు ప్రయాణ బడలికలో వాల్వ్ ఒక్కసారిగా తిప్పేయకూడదు. కొళాయిలు తెరిచే ఉంచి కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఒకరు వాల్వ్ దగ్గర, ఒకరు సింకుల కింద చూసుకోవాలి. గాలి పోయి ధార నిలకడగా వచ్చాక, ఎక్కడా చెమ్మ లేదని తేలాక, అప్పుడు వాటర్ హీటర్ మామూలుగా పెట్టుకోవచ్చు.