ఇంటర్ గ్రూపు ఎంచుకునే ముందు పిల్లలకు పని చూపించండి

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి. కాలేజీ, ఉద్యోగం గురించి ఇప్పటి నుంచే ప్లాన్ చెయ్యాలా, పది అయ్యాక చూసుకోవచ్చా?" అని మీరు అడిగారు. ఇప్పుడే మొదలుపెట్టండి. పది అయ్యాక మీకు టైమే దొరకదు. పరీక్షలు అవగానే ఇంటర్‌కి ముందు బ్రిడ్జ్ కోర్సు అంటూ పిల్లల్ని కూర్చోబెట్టేస్తారు. చాలా ఇళ్ళల్లో ఫలితాలు రాకముందే గ్రూపు, కాలేజీ రెండూ ఖాయమైపోతాయి. పదిహేనేళ్ళ వయసులో ఎంపీసీయా బైపీసీయా అని చెప్పిన ఒక్క మాటతో సగం దారులు మూసుకుపోతాయి. అందుకే అసలు ప్లానింగ్ అంతా ఆ మాటకు ముందే జరగాలి.

మేము విశాఖ గోపాలపట్నంలో ఉంటాం. మా అమ్మాయి పదిలో ఉండగా దసరా సెలవుల్లో ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చాడు. మా నంబరు, అడ్రసు, పిల్ల తొమ్మిదో తరగతి మార్కులు అన్నీ ఆయన దగ్గరున్నాయి. ఎవరిచ్చారని అడిగితే జవాబు లేదు. పిల్లల వివరాలు ఇలా చేతులు మారుతుంటే ఏ స్కూలూ పట్టించుకోదు, తల్లిదండ్రులమూ గట్టిగా అడగం. ఇది నాకు ఇప్పటికీ మండే విషయం.

ర్యాంకుల ఫొటోలున్న కాగితాలు టీపాయ్ మీద పరిచి, నెలాఖరులోగా అడ్వాన్సు కడితే ఫీజులో కన్సెషన్ అన్నాడు. మనవరాలు డాక్టరమ్మ అయిపోయినట్టే మా అత్తగారు మురిసిపోయి కాఫీ తెచ్చారు. అప్పుడు మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి, "అంకుల్, బైపీసీ చదివాక నీట్‌లో సీటు రాకపోతే ఏం చదవొచ్చు?" అని అడిగింది.

"ఎందుకు రాదమ్మా, వస్తుంది" అన్నాడు. మళ్ళీ అడిగింది. "లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్ళీ రాయొచ్చు." "అప్పటికీ రాకపోతే?"

ఆయన దానికేసి చూడటం మానేసి నా వైపు తిరిగి, "పిల్లకి ఇలాంటి నెగటివ్ ఆలోచనలు రానివ్వకండి మేడమ్" అన్నాడు. రెండేళ్ళు మా పిల్లను చదివిస్తానని వచ్చిన మనిషికి, ఆ చదువు తర్వాత ఏముందో చెప్పడం చేతకాలేదు. అడ్వాన్సు కట్టనని చెప్పి పంపించేశాను. అత్తగారు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆ సంక్రాంతికి అనకాపల్లి వెళ్ళాం. మా చిన్న మామయ్య అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానంలో పనిచేసేవారు. పండగయ్యాక పిల్లను వెంట తీసుకెళ్ళారు. అక్కడొక సైంటిస్టు గారు చెరుకు గడను నిలువునా చీల్చి చూపించారట. లోపలంతా ఎరుపు, మధ్యమధ్యలో అడ్డంగా తెల్లటి మచ్చలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే సారా వాసన. ఎర్రకుళ్ళు తెగులు. ఇంటికొచ్చి రాత్రి పొద్దుపోయేదాకా అదే కబురు. ఆ సైంటిస్టు ఏం చదివారో, ఎక్కడ చదివారో కూడా తనే అడిగి తెలుసుకుంది. బైపీసీ వాళ్ళు ఎంసెట్ (ఇప్పుడు దీని పేరు ఈఏపీసెట్) ర్యాంకుతో అగ్రికల్చర్ బీఎస్సీలో చేరొచ్చని, రైతు కుటుంబాల పిల్లలకు విడిగా కోటా ఉందని మాకు అలా తెలిసింది. ఇంటి దగ్గరి కాలేజీలో డే స్కాలర్‌గా ఇంటర్ చదివి, ఇప్పుడు శ్రీకాకుళం దగ్గరి నైరా వ్యవసాయ కళాశాలలో ఉంది. ఆ ఒక్క పూట చేసిన మేలు ఏ కౌన్సెలరూ చెయ్యలేడని నా గట్టి నమ్మకం.

విశాఖలో ఉండి పిల్లలకు పనులు చూపించకపోవడం అన్యాయం. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, ఫిషింగ్ హార్బరు అన్నీ ఊళ్ళోనే ఉన్నాయి. మన చుట్టాల్లోనో వీధిలోనో వాటిల్లో పనిచేసేవాళ్ళు ఎవరో ఒకరుంటారు. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి ఎన్నిసార్లో తీసుకెళ్తాం, ఫొటోలు దిగి వచ్చేస్తాం. లోపల చూపించేది రిటైరైన నేవీ వాళ్ళే. మీరు ఏం చదివి ఇందులో చేరారు అని పిల్లాడి చేత ఒక్క ప్రశ్న అడిగించండి.

తొమ్మిదిలోనే చెయ్యాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. షిప్పుల మీద ఉద్యోగం అనే పిల్లలు మన ఊళ్ళో చాలామంది. అందులో ఆఫీసర్లయ్యే డిగ్రీ కోర్సులకు ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్) రాయాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం ఉండాలి, పదిలోనైనా ఇంటర్‌లోనైనా ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. వీటన్నిటికంటే ముందు రంగులు సరిగ్గా గుర్తుపట్టే చూపు ఉండాలి. చుక్కల మధ్య అంకెలు చదివించే చిన్న పరీక్ష అది, కళ్ళ డాక్టరు నిమిషాల్లో చేసేస్తారు. రెండేళ్ళు ఆశపడి, డబ్బు పోసి, చివరికి మెడికల్ టెస్టులో తెలుసుకుంటే ఆ పిల్లాడి గతేం కావాలి?

సర్టిఫికెట్ల సంగతి కూడా చూడండి. ఎంట్రన్స్ తర్వాత సీట్ల కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, లోకల్ అవునో కాదో తేల్చేది అవే. స్కూలు మారిన ప్రతిసారీ అప్పటికప్పుడే తీసిపెట్టుకోండి. పదో తరగతి మెమోలో పడబోయే పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూడండి. తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగలేరు.

ఎంట్రన్సే ముఖ్యం, ఇంటర్ మార్కులు ఎందుకనేవాళ్ళ మాట వినకండి. మన ఏపీ ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఇంటర్ అసలు వద్దనుకుంటే పది తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ అనే ఎంట్రన్స్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. లా చదవాలంటే ఏ గ్రూపు వాళ్ళైనా క్లాట్ అనే జాతీయ ఎంట్రన్స్ రాయొచ్చు, నేషనల్ లా యూనివర్సిటీ మన సబ్బవరంలోనే ఉంది. ఇవేవీ ఆ టీపాయ్ మీది కాగితాల్లో లేవు.

మీ అబ్బాయికి ఏది ఇష్టమో మీరు రాయలేదు. కనుక్కుని కింద రాయండి. షిప్‌యార్డులోనో రిఫైనరీలోనో పనిచేసేవాళ్ళతో మాట్లాడించాలంటే మా వారి స్నేహితులున్నారు, నేను అడుగుతాను.