ఎండిన హెమ్లాక్‌లే కనిపిస్తుంటే: ముందు రెమ్మ అడుగు చూడండి

పచ్చటి హెమ్లాక్‌లను (సూదుల్లాంటి ఆకులుండే సతతహరిత చెట్లు) ఫోటో తీద్దామని అమెరికాలోని స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో ఎంత తిరిగినా మోడులే కనిపించాయని, ఆకు అడుగున తెల్లగా ఉన్నది జబ్బేనా అని అడిగారు కదా. చెట్లు ఎండడానికి కారణం ఊలీ అడెల్జిడ్ అనే పురుగు. 2002లో ఆ పార్కులో బయటపడింది. ఇప్పుడు పచ్చగా ఉన్నవి ఎక్కువగా మందు వేసి కాపాడుకున్న చెట్లే. అందుకే ఏదో ఒక ట్రయల్ (నడకదారి) పట్టుకుని నడిస్తే దొరకవు. మందు వేసిన చెట్లు ఏ దారిలో ఉన్నాయో రేంజర్‌ను అడగండి. పెన్సిల్వేనియా దాకా వెళ్లగలిగితే మాత్రం కుక్ ఫారెస్ట్‌లోని లాంగ్‌ఫెలో ట్రయల్‌కే నా ఓటు.

చెట్టు బాగుందో లేదో తేల్చేది ఇక్కడే, చాలామంది ఇదే వదిలేస్తారు:

1. కొమ్మను కింది నుంచి చూడండి. ఆకు అడుగున రెండు తెల్ల గీతలు సహజం. మీరు జబ్బు అనుకున్నవి అవే అయితే టెన్షన్ వద్దు.

2. ఆకు మొదట్లో, రెమ్మను అంటుకుని దూది ఉండల్లాంటివి ఉంటే అదే పురుగు. చలికాలం చివర, వసంతంలో స్పష్టంగా కనిపిస్తాయి. ఆగస్టులో కనబడలేదని చెట్టు బాగుందని తేల్చేయకండి.

3. మే, జూన్‌లో కొమ్మల చివర లేత చిగుళ్లు వచ్చాయా చూడండి. వస్తే చెట్టు బాగున్నట్టు గుర్తు.

ఇక ఫోటోలు. మబ్బు పట్టిన రోజు, ట్రైపాడ్, పోలరైజర్ (ఆకుల మీద మెరుపు తగ్గించే ఫిల్టర్) కావాలి. హెమ్లాక్ నీడ చాలా చిక్కన, దాన్ని వెలిగించబోయి కెమెరా ఆకాశాన్ని తెల్లగా పాడుచేస్తుంది. ఫ్రేమ్‌లో ఆకాశం తగ్గించి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దించి (అంటే వెలుతురు సగానికి తగ్గించి), రా ఫైల్‌లో (తర్వాత సరిదిద్దుకునే వీలున్న ఫార్మాట్) తీయండి.

వసంతంలో కొమ్మలకు రాసుకుంటూ నడవకండి, పిల్ల పురుగులు బట్టలకు అంటుకుని ఇంకో చెట్టుకు చేరతాయి.