మెదడు కణితుల మీద పరిశోధన: ల్యాబా, డేటానా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ రెండో ఏడాది. మెదడు కణితుల్లోని క్యాన్సర్ మూలకణాల (కణితిని పుట్టించి పెంచగల కణాలు) మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ల్యాబ్ ఎందుకు, సింగిల్ సెల్ డేటా (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే సమాచారం) విశ్లేషణ నేర్చుకుంటే త్వరగా ఉద్యోగం వస్తుందని కొందరంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఏళ్ల తరబడి చదివి అమ్మాయి ఎటూ కాకుండా పోతుందేమోనన్నది మీ అసలు భయం. పోదండీ. కణాలు పెంచడం, ఫ్లో సైటోమెట్రీ (కణాలను వాటి గుర్తులను బట్టి లేజర్ సాయంతో లెక్కించే పద్ధతి), గణాంకాలు చేతికొస్తే ఏ క్యాన్సర్ మీదైనా పనిచేయొచ్చు, మందుల తయారీ పరిశోధనలోకీ వెళ్లొచ్చు.

డేటా కోర్సుల మోజు మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. 2004లో టొరంటో పరిశోధకులు మూలకణాలకు గుర్తుగా భావించిన సీడీ133 ప్రొటీన్ ఉన్న కణితి కణాలు వంద పెట్టినా ఎలుక మెదడులో కణితి పెరుగుతుందని చూపించారు. ఆ గుర్తు లేని కణాలూ కణితిని పెంచగలవని తర్వాత తేలింది. గ్లయోబ్లాస్టోమా (తీవ్రమైన మెదడు క్యాన్సర్) కణాలు ముఖ్యంగా నాలుగు స్థితుల్లో ఉంటాయని, ఒక స్థితి నుంచి మరోదానికి మారగలవని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇంత జారిపోయే విషయాన్ని మూడు నెలల కోర్సుతో పట్టుకోలేం.

డేటా మీద ప్రోగ్రాం నడిపితే, ఒకేలాంటి కణాలను కలిపి చూపే రంగురంగుల గుంపులు ఎవరికైనా వస్తాయి. కొత్తగా కనిపించిన గుంపు, ఒక్క కణమే ఉండాల్సిన ద్రవపు చుక్కలో ఇరుక్కున్న రెండు కణాల వల్ల వచ్చిందేమో! కణితిని 37 డిగ్రీల దగ్గర ఎంజైముతో విడదీసేటప్పుడు కణాలు ఒత్తిడికి లోనై ఫాస్, జున్ అనే ఒత్తిడి జన్యువుల పనిని పెంచుతాయి. ల్యాబ్‌లో చేయిపెట్టనివాళ్లు దాన్నే కణితి స్వభావం అనుకుంటారు. ముగ్గురు రోగుల నుంచి పదివేల కణాలు తీసినా, రోగుల మధ్య పోలికకు నమూనాలు మూడే. ల్యాబ్‌లో కణాలను సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) వేసి పెంచితే మూలకణ లక్షణాలు చాలావరకు పోతాయి. అందుకే సీరం లేకుండా, ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్ అనే పెరుగుదల ప్రొటీన్లు సాధారణంగా మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల చొప్పున వేసి పెంచుతారు.

కాబట్టి ముందు ల్యాబ్, దాంతోపాటే ఆర్ (గణాంకాల కోసం వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్, గణాంకాలు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఎవరెవరో ఏమన్నారో రాశారు. గంటలకొద్దీ నిలబడి కణాలు చూసుకోవడం ఇష్టమా, కోడ్ రాయడం ఇష్టమా అని అమ్మాయిని అడిగారా? చదివేది తనే కదా. సెలవుల్లో ఒక ల్యాబ్‌లో పనిచేయనివ్వండి. చేరేముందు అక్కడ మూడు విషయాలు కనుక్కోమనండి: ఆపరేషన్ గది నుంచి తాజా కణితి నమూనాలు ఎంత తరచుగా వస్తాయి, ఎలుకల ప్రయోగాలకు అనుమతులున్నాయా, పాత విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తిచేశారు.